పగులు లోపలి నలుపు

నాలుగు గంటలకు అంతయ్యను మేజిస్ట్రేటు ఇంటికి తీసుకుపోతారు. కోర్టులు నడవడం లేదు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై ఆరో రోజు. సమ్మెలో అన్నీ ఆగాయి. రిమాండు ఆగదు.

నా గడియారంలో పన్నెండు నలభై.

అంతయ్య ఠాణా బల్ల మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అరవై రెండేళ్ల నల్లగొండ కమ్మరి. పద్దెనిమిదేళ్లుగా ఎల్బీ నగర్ అవతల వెంకట్రావు షెడ్డులో పని. ఉక్కును ఎర్రగా కాల్చి, ముంచి, గట్టిపరచడం అతని ఉద్యోగం. అతని చేతిలో తయారైన పిన్ను నిన్న ఒక టిప్పర్ లారీ కింద విరిగింది. పైకి లేపి ఉన్న లారీ తొట్టి కూలింది. దాని కింద ఉన్న మెకానిక్ కృష్ణ చచ్చిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లవాడు. భార్య గీతకు ఇప్పుడు ఆరో నెల.

నా పక్కన మట్టయ్య నిలబడ్డాడు. నా భార్య తమ్ముడు. ఆటో కార్మికుల సమ్మె కమిటీకి కన్వీనర్. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో, మూతబడ్డ కోచింగ్ సెంటర్ పైన ఉన్న నా డిటెక్టివ్ ఏజెన్సీ గది తలుపు కొట్టింది అతనే.

"బావా, అంతయ్య మనోడు. ఆంధ్రా షేటు చేసిన తప్పు ముసలాయన నెత్తి మీద పడ్డది. నువ్వే బయటికి తియ్యాలె" అన్నాడు.

భార్య పోయి మూడేళ్లయింది. ఆమె దవాఖానలో ఉన్న పదకొండు రోజులూ వరండాలో నా పక్కన పడుకున్నది ఈ మట్టయ్య ఒక్కడే. మిగతా చుట్టాలు పండ్లు తెచ్చి ఇచ్చి, గడియారం చూసుకుని పోయారు. నేను వాళ్లను లెక్కలోనుంచి తీసేశాను. ఇతను అడిగితే కాదనలేదు.

"అంతయ్యా, పిన్ను నూనెల ముంచినవా, నీళ్లల్లనా?"

"నీళ్లల్ల."

"వెంకట్రావు ముంచమన్నడా?"

"అనలె."

"మరి?"

ముసలాయన మట్టయ్య వైపు చూశాడు. వెంటనే నేలను చూశాడు. "తప్పు నాదే సారూ. రాసుకోండ్రి."

"భయపడుతున్నడు బావా" అన్నాడు మట్టయ్య. "జీతమిచ్చేటోని మీద ఎట్ల చెప్తడు?"

ఎస్సై ఫైలు నా ముందుకు తోశాడు. మొదటి సాక్షి మట్టయ్యే. నిన్న ఉదయం పదకొండు యాభైకి, గ్యారేజీ ఎదురుగా ఉన్న సమ్మె శిబిరంలో కూర్చుని ఉండగా పెద్ద చప్పుడు వినిపించింది. పరిగెత్తాడు. అప్పటికే కృష్ణ ప్రాణం పోయింది. కింద మట్టయ్య సంతకం.

బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో కృష్ణ ఫోన్ ఉంది.

"ఫోన్ చూసిండ్రా?"

"చార్జింగ్ లేదు. పొద్దటి సంది కరెంటు లేదు. రేపు చూస్తం" అన్నాడు ఎస్సై. "నాకు మూడున్నరకు శిబిరం కాడ బందోబస్తు. నాలుగుకు ఈయనను పంపుతం. ఆ లోపట నీకేమన్న దొరికితే మనిషిని నా ముంగట నిలబెట్టి మాట్లాడు. కథలు మాత్రం చెప్పకు."

*

ఒకటీ ఇరవై. గ్యారేజీలో టిప్పర్ ఇంకా అలాగే ఉంది.

తొట్టిని లేపే జాకీని చట్రానికి పట్టి ఉంచేది ఆ పిన్ను. మణికట్టంత లావు, జానెడు పొడుగు. రెండు ముక్కలుగా గోనె సంచి మీద పెట్టారు. ఒక కానిస్టేబుల్ కాపలా. దాని ముందు పట్టాభి గొంతుక్కూర్చున్నాడు.

పట్టాభి బీమా కంపెనీ తరఫు డిటెక్టివ్. ఏడేళ్ల క్రితం నా దగ్గర పని నేర్చుకున్నాడు. వెళ్లేటప్పుడు నా క్లయింట్లను కూడా వెంట తీసుకెళ్లాడు.

"నమస్కారం సీతారాములు గారూ! మీరు ఈ వృత్తి మానేశారని విన్నానండీ."

"నువ్వు చెప్పినవ్, వాళ్లు విన్నరు."

"అదే నోరు." నవ్వాడు. "శ్రమ పడకండి, నా రిపోర్టు అయిపోయింది. నూనెలో ముంచాల్సిన ఉక్కును నీళ్లలో ముంచారు. పెళుసెక్కింది, విరిగింది. ముంచినవాడు ఒప్పుకున్నాడు. పోయినాయన తొట్టి కూలకుండా కింద ఆపుదిమ్మ కూడా పెట్టుకోలేదు. ఇద్దరి నిర్లక్ష్యం. కంపెనీ పైసా ఇవ్వదు."

లారీ చుట్టూ తిరిగాను. సమ్మె మొదలైన రోజే బళ్లన్నీ ఆపి, తాళం చెవులు సమ్మె కమిటీకి అప్పజెప్పారు. శిబిరంలో చెక్క పలకకు మేకులు కొట్టి వాటికి వేలాడదీశారు. అంటే ఈ టిప్పర్ ఇరవై ఐదు రోజులుగా ఇక్కడే ఉండాలి. వెనక టైరు గాడిలో వేలు పెట్టాను. ఇసుక. లోపల ఇంకా తడిగా ఉంది.

వాన పడలేదు. ఈ గ్యారేజీలో ఇసుక లేదు.

ఎవరో బండిని నడిపారు. కృష్ణ కూడా ఇదే చూసి ఉంటాడు. పలక మీది తాళం చెవి తెచ్చి, తొట్టి లేపి, కింద ఇంకా ఏముందో చూడబోయాడు. దిమ్మ పెట్టుకునేంత తీరిక తీసుకోలేదు.

వచ్చి పిన్ను ముక్క పైకెత్తాను. విరిగిన ముఖం రెండు రంగుల్లో ఉంది. గ్రీజు కోసం తొలిచిన చిన్న రంధ్రం దగ్గర మొదలై, సగానికి పైగా నెలవంకలా నలుపు. మిగతాది బూడిద రంగు, ఉప్పు రవ్వలా మెరుస్తోంది.

"ఈ నలుపు ఏంది?"

"గ్రీజండీ. గ్రీజు రంధ్రం పక్కన గ్రీజు కాక పన్నీరుంటుందా?"

మెకానిక్ షాపులో పెట్రోలుకు కొదవ లేదు. దూదిని ముంచి రుద్దాను. జిడ్డు వచ్చింది. నలుపు రాలేదు. మళ్లీ రుద్దాను. గోటితో గీకాను. రాలేదు.

పట్టాభి నవ్వు ఆపాడు.

"ఇది కాలిన నలుపు" అన్నాను. "మా ఊళ్లె బడికి గోడ లేకుండె. పక్కనే కమ్మరి కొలిమి. ఐదేండ్లు పాఠం కన్న దాన్నే ఎక్కువ చూసిన. ఉక్కును ముంచినంక మళ్ల ఒకసారి సన్న సెగ మీద పెడతరు, పెళుసు పోవుటానికి. ఆ సెగకే ఇట్ల నల్లబడుతది. నిన్న విరిగిన ఉక్కు లోపట నిన్న ఎట్ల కాలుతది?"

"అంటే..."

"సెగ మీద పెట్టెనాటికే ఇది సగం పగిలి ఉన్నది. నిన్న తెగింది మిగిలిన సగమే."

పట్టాభి ముక్కను తీసుకుని ఎండకు పట్టి చూశాడు. తెలివైనవాడు. నేనే నేర్పాను.

"బావుందండీ. అయితే మీ అంతయ్య పగిలిన పిన్నని తెలిసే బయటికి పంపాడు. ఇందాకటిదాకా నిర్లక్ష్యం. ఇప్పుడు మనిషిని చంపడం. రక్షించడానికి వచ్చి ఉరి బిగించారు." ముక్కను సంచి మీద పెట్టాడు. "మీకు మీవాడు కనబడితే కళ్లు మూసుకుపోతాయి. అప్పుడూ అంతే. నన్ను నమ్మింది మీరేగా?"

కొట్టాలనిపించింది. అతను చెప్పింది అబద్ధం కాదు కాబట్టి కొట్టలేదు.

పిన్ను తల మీద రూపాయి బిళ్లంత మేర నున్నగా అరగదీసిన చోటు ఉంది. ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసుకున్నాను.

*

రెండూ ఐదు. వెంకట్రావు షెడ్డు ముందు పదిమంది కమిటీ కుర్రవాళ్లు కుర్చీలు వేసుకుని ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు. మట్టన్న బావను కదా.

వెంకట్రావు గుంటూరు జిల్లా మనిషి. పాతికేళ్ల నుంచి ఇక్కడే. అతన్ని విరగ్గొట్టాలనే వెళ్లాను. దోషి అతనే కావాలని పొద్దుటి నుంచీ నా మనసులో ఉంది. దాచడం ఎందుకు?

"నీళ్లల్ల ముంచమన్నది నువ్వే."

"కాదండీ."

"నూనె మిగులుతదని."

"నూనె తాగేస్తామా ఏంటి? అదే నూనె ఏడాది వాడతాం." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మంగళవారం ఎనిమిది టిప్పర్ పిన్నులు కాల్చాం. రెండూ పదికి కరెంటు పోయింది. ఒక్కోటీ తీసి నూనెలో ముంచుతున్నాం. నూనెను చల్లబరిచే మోటారు ఆగిపోయింది. ఆరో పిన్నుకి పొగ. ఏడోదానికి నూనె మీద మంట లేచింది. అంతయ్య మూత వేసి మంట ఆర్పి, ఎనిమిదోదాన్ని పక్కనున్న నీళ్ల తొట్టిలో వేశాడు. ఆ క్షణంలో నేనున్నా అదే చేసేవాణ్ణి."

"నీళ్లల్ల వేస్తే ఏమైతది?"

"ఎర్రగా కాగినప్పుడు ఉక్కులో ఉన్న కార్బన్ ఇనుములో కరిగిపోయి ఉంటుందండీ. మెల్లిగా చల్లారితే పొరలు పొరలుగా విడిపోయి సర్దుకుంటుంది. ఉక్కు మెత్తగా ఉంటుంది. గభాల్న చల్లార్చామనుకోండి, విడిపోడానికి టైముండదు. ఎక్కడిదక్కడ ఇరుక్కుపోద్ది. లోపలంతా సూదులు పేర్చినట్టు గట్టిపడుద్ది. మార్టెన్‌సైట్ అంటారు. అలా మారేటప్పుడు ఉక్కు కాస్త ఉబ్బుద్ది. అదీ చిక్కు. నీళ్లు వేడిని మరీ జోరుగా లాగేస్తాయి. పైతొక్క ముందే గట్టిపడి కూర్చుంటుంది. లోపలిది తర్వాత ఉబ్బుతుంది. తొక్క సాగదు. ఎక్కడో రంధ్రం దగ్గర చిట్లుద్ది. నూనె నిదానం కాబట్టి కాస్త సర్దుకోనిస్తుంది."

"పగిలిందని తెల్వదా?"

"మాకు తెలీకపోవచ్చు. అంతయ్యకు తెలుస్తుంది. సాయంత్రం ఆరింటికి కరెంటొచ్చాక ఎనిమిదింటినీ కలిపి సెగకు పెట్టాం. తీశాక ఒక్కోదాన్నీ తాడుకు కట్టి సుత్తితో కొట్టి చెవి పెడతాడు. మంచిది గంటలా మోగుద్ది. పగిలింది కుండపెంకులా పలుకుద్ది. ఎనిమిదోది పలికింది. తల మీద పంచితో మూడు చుక్కలు కొట్టి మూల పడేశాడు. నా కళ్లముందే. ఏడే బయటికెళ్లాయి."

ఫోన్‌లో ఫొటో చూపించాను. "చుక్కలు లేవు."

వెంకట్రావు కిటికీ వెలుతురు దగ్గరికి తీసుకుపోయాడు. చాలాసేపు చూశాడు.

"మిషన్ కాదండీ. ఆకురాయితో చేత్తో అరగదీశారు. తర్వాత నూనె రాసి, సన్నకాగితంతో రుద్దారు." ఫోన్ తిరిగిచ్చాడు. గొంతు తగ్గింది. "గుర్తు చెరిపేసే దొంగ ఇంత ముద్దుగా చేస్తాడా? ఇది అంతయ్య చెయ్యే. నాకర్థం కావడం లేదు. పగిలింది అని తెలిసి అతను ఎవరికీ ఇవ్వడు. నా షెడ్డుకు వీళ్లు నిప్పు పెట్టినా ఈ మాటే చెప్తాను."

ఇతని మీద కోపం నిలబెట్టుకోవడానికి నాకు ఏమీ మిగల్లేదు.

*

రెండూ యాభై. మట్టయ్య శిబిరానికి వెళ్లాడు. కృష్ణ సంతాప సభ. అంతయ్య బల్ల మీద ఒక్కడే ఉన్నాడు.

ఫొటో అతని కళ్లముందు పెట్టాను.

"మూడు చుక్కలు నువ్వే కొట్టినవ్. నువ్వే తీసినవ్. ఎవరికిచ్చినవ్?"

అంతయ్య మొహం తిప్పుకున్నాడు.

"అంతయ్యా, ఇప్పుడు వాళ్లు నిన్ను ఏమరపాటోడు అంటలేరు. తెలిసే చంపినవ్ అంటున్నరు."

"డేరాకు అన్నడు సారూ."

"ఏ డేరా?"

"తెలంగాణ డేరా. దసరా ముందురోజు ఒచ్చిండు. గాలికి శిబిరం లేస్తున్నది, మూలకు దిగ్గొట్ట జర మంచి మేకు కావాలె అన్నడు. గిది పగిలిందయ్యా అన్న. భూమిల దిగేదానికి పగులు ఏం జేస్తదే అన్నడు. నిజమే గద?"

"మరి చుక్కలెందుకు తీసినవ్?"

నా వైపు వింతగా చూశాడు. ఇది కూడా తెలియదా అన్నట్టు.

"మా ఇంట్ల తాతల కాలం సంది ఒకటే పద్ధతి. ఊరికి ఉట్టిగ ఇచ్చేదాని మీద తప్పు గుర్తు ఉంచం. దేవుని తేరుకు చీల ఇచ్చినా, బాయికి కడ్డీ ఇచ్చినా, నున్నగ జేసి, నూనె రాసి, రెండు చేతులతోని ఇస్తం. తెలంగాణ డేరాకు తప్పు కొట్టిన ఇనుము ఎట్ల ఇస్త సారూ? రాత్రి కూసోని అరగదీసిన. పైసలు గూడ తీసుకోలె."

ఆకురాయి ముద్దుగా ఎందుకు ఆడిందో తెలిసింది.

"ఒచ్చిందెవరు?"

నాకు అప్పటికే తెలుసు. అయినా నోటితో వినాలి. అది నా వృత్తి.

"మట్టయ్యనా?"

అంతయ్య కళ్లు తుడుచుకున్నాడు. "పొద్దున గూడ ఒచ్చిండు. మా బావ వస్తడు, నిన్ను ఇడిపిస్తడు, శిబిరం మాట మాత్రం ఎత్తకు, మన పేరు కరాబయితది అన్నడు. నేను సంతకం పెట్ట సారూ. చంపినా పెట్ట. తెలంగాణ డేరాలకెల్లి పీనుగ ఎల్లిందని నా నోట రాదు."

మట్టయ్యకు మేకు అక్కరలేదు. పిన్ను కావాలి. టిప్పర్ పాత పిన్ను పాడైంది. దుకాణాలన్నీ మూత. మూయించింది అతని కమిటీయే. తాళం చెవులు అతని పలక మీద ఉన్నాయి. మెకానిక్‌ను అడగలేడు, ఎందుకంటే బండి కదలకూడదు.

ఆమాత్రమే అయితే అది దొంగతనం, తర్వాత ప్రమాదం. అంతటితో ఆగాలని కోరుకున్నాను. ఆగదని నాకు అనిపిస్తూనే ఉంది.

ఠాణా ముందు పట్టాభి కారు ఆగింది.

"నీ కారుల చార్జర్ ఉన్నదా?" అడిగాను.

"మీకివ్వాలా?"

"కృష్ణ ఫోన్‌కు."

హెడ్ కానిస్టేబుల్ కవర్ పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. నేను ముందు. పట్టాభి ఇంజన్ ఆన్ చేశాడు. పది నిమిషాలు ఆగాం. మూడూ పన్నెండుకు తెర వెలిగింది.

చివరి కాల్స్. శుక్రవారం.

11:08. మట్టన్న. మూడు నిమిషాల నలభై సెకన్లు.

11:14. మట్టన్న. ఎత్తలేదు.

11:19. మట్టన్న. ఎత్తలేదు.

11:27. మట్టన్న. ఎత్తలేదు.

పదకొండు యాభైకి చప్పుడు విని పరిగెత్తానని సంతకం. లారీ కింద నలిగిన మనిషి పందొమ్మిది నిమిషాలు ఫోన్ పట్టుకుని పిలిచాడు. శిబిరం రోడ్డుకు అవతలి పక్క. నడిస్తే అరనిమిషం.

"మట్టన్నంటే ఎవరండీ?" అన్నాడు పట్టాభి.

"మా ఇంటామె తమ్ముడు."

ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. గేరు వేశాడు. "శిబిరానికేగా? కూర్చోండి" అన్నాడు.

*

మూడూ ముప్పై ఎనిమిది. డేరా కింద మూడు వందల మంది. ముందు వరసలో గీత. ఒళ్లో కృష్ణ ఫొటో. మెట్ల పక్కన ఎస్సై. హెడ్ కానిస్టేబుల్ వెళ్లి ఫోన్ అతని చేతిలో పెట్టాడు.

స్టేజీ మీద మట్టయ్య బ్యాటరీ మైకులో గొంతు పగిలేట్టు అరుస్తున్నాడు.

"గా షేటు నీళ్లల్ల ముంచిన ఇనుము మన కృష్ణను మింగింది! ఇగో, మా బావ ఒచ్చిండు! సాక్ష్యం పట్టిండు! రా బావా, నువ్వే చెప్పు! చెప్పినంక అందరం షెడ్డు మీదికే పోదాం!"

చప్పట్లు. నేను మెట్లెక్కాను. మట్టయ్య మైకును చేత్తో మూసి నవ్వాడు. నా మొహం చూసి నవ్వు పోయింది.

"పదకొండు ఎనిమిదికి ఏమన్నడురా కృష్ణ?" అన్నాను.

ఆ గోలలో మా ఇద్దరికే వినిపించింది.

"బావా..."

"టిప్పర్ ఎన్ని దినాలు నడిపినవ్?"

"రెండు రాత్రులు. ఇసుక కంట్రాక్టర్ కార్పొరేటర్ టికెట్ ఇప్పిస్తనన్నడు. పిన్ను తెగుతదనుకోలే బావా, అక్క మీద ఒట్టు."

"తెగినంక?"

"బతికితే చెప్తుండె. ఇంత మంది ముంగట చెప్తుండె. పోదామనే లేచిన. కాళ్లు రాలె."

"నన్నెందుకు పిలిచినవ్?"

"నువ్వయితే వెంకట్రావునే పట్టుకుంటవనుకున్న. ఆంధ్రోళ్లంటే నీకు మంట గద." నా మోచెయ్యి పట్టుకున్నాడు. దవాఖాన వరండాలో పట్టుకున్న చెయ్యే. "అక్కను యాది జేసుకో బావా. నీకెవరున్నరు నేను దప్ప?"

ఎవరూ లేరు. అది నిజం. చెయ్యి విడిపించుకుని మైకు అందుకున్నాను.

"కృష్ణ నిన్న పదకొండు గంటల తర్వాత టిప్పర్ కింద పడ్డడు. పడంగనే చావలేదు. పదకొండు ఎనిమిదికి ఫోన్ చేసిండు. పదకొండు ఇరవై ఏడు దాక నాలుగు సార్లు చేసిండు. ఫోన్ ఎస్సై చేతిల ఉన్నది."

చప్పట్లు ఆగిపోయాయి. డేరా గుడ్డ గాలికి కొట్టుకోవడం వినిపించింది.

గీత లేచి నిలబడింది. "ఎవలికి చేసిండు అన్నా?"

పేరు చెప్పాను. ఠాణా కాగితంలో రాసినట్టు, తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాను. బొడ్డుపల్లి మట్టయ్య. నా భార్య పుట్టింటి పేరు అది. అంతయ్య ఎవరి కోసం పిన్ను నున్నగా చేసి ఇచ్చాడో కూడా చెప్పాను. అతను చెప్పనన్న మాట నా నోటితో చెప్పాను.

ఎస్సై ఫోన్ తెర చూశాడు. తర్వాత వైర్‌లెస్ సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అంతయ్యను బయలుదేరనియ్యకుండ్రి. ఆపుండ్రి." రెండు మెట్లు ఎక్కి అక్కడే నిలబడ్డాడు. వెనక కుర్చీలు పడుతున్నాయి. జనం ముందుకు జరుగుతున్నారు. షెడ్డు వైపు కాదు. స్టేజీ వైపు.

మట్టయ్య వెనక్కి అడుగేశాడు. వెనక గుడ్డ గోడ తప్ప ఏమీ లేదు.

గీత స్టేజీ అంచుకు వచ్చింది. ఫొటో ఇంకా పొట్టకు ఆనించుకునే ఉంది. నా వైపు చూడలేదు.

"మట్టన్నా, మూడు నిమిషాలు మాట్లాడిండట గద. ఏమన్నడు?"

మట్టయ్య నన్ను చూశాడు. నేను మైకు స్టాండును అతని నోటి వైపు తిప్పాను.